ఆరు ఏడులు: పాత గడియారాల సీరియల్ నంబర్ల వేట గురించి ఒక ప్రసంగం

సభకు నమస్కారం.

ఒక సంఖ్యతో మొదలుపెడతాను: 777777. వరసగా ఆరు ఏడులు. 1970లలో తయారైన ఒక సీకో చేతి గడియారం వెనక మూత మీద ఈ సంఖ్య ఉందనుకోండి. చూడగానే "భలే నంబరు" అని ఎవరైనా అంటారు, నేనూ అంటాను. అయితే సీకో వాళ్ల పద్ధతి తెలిసినవారు ఆ ఆరు ఏడులను వాక్యం చదివినట్టు చదువుతారు. ఆ కాలపు సీకో సీరియల్ నంబరులో మొదటి అంకె, తయారైన సంవత్సరంలోని చివరి అంకె. రెండవది నెల. మిగిలిన నాలుగూ ఆ నెలలో ఆ గడియారానికి పడిన వరస సంఖ్య. అంటే మన ఆరు ఏడుల గడియారం 1977 జూలైలో 7,777వదిగా లెక్కకెక్కిందన్నమాట. అందమూ అర్థమూ ఒకేచోట కుదిరిన ఇలాంటి నంబరు కోసం పదమూడేళ్లుగా కనబడిన ప్రతి సీకో వాచీనీ బోర్లించి చూస్తున్నాను. ఇంతవరకు దొరకలేదు.

ఎందుకు దొరకడం లేదో కొంత లెక్క వేసి చెప్పవచ్చు. పదేళ్ల కాలంలో ఈ సంఖ్య పడడానికి వీలున్న నెల ఒక్కటే ఉంటుంది: ఏడుతో ముగిసే సంవత్సరంలోని జూలై. ఆ నెలలో ఆ వరస 7,777 దాకా సాగి ఉండాలి. సాగినా, ఆ ఒక్క గడియారం ఇన్నేళ్లపాటు చెత్తబుట్ట పాలు కాకుండా, విడిభాగాల కోసం ఎవరూ విప్పేయకుండా, వెనక మూత మారకుండా మిగలాలి. మిగిలినా, దాని యజమాని ఒకనాడు దాన్ని తిప్పి చూసి, చూసినదాన్ని నలుగురికీ చెప్పాలి. నా అనుభవంలో ఈ చివరి షరతే అన్నిటికంటే కఠినమైనది. గడియారం పెట్టుకునేవారిలో ఎక్కువమంది జీవితాంతం దాని ముఖమే చూస్తారు, వీపు చూడరు. ఇందులో ఇంకో చమత్కారం కూడా ఉంది. సీకో లెక్కలో అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఎన్ అక్షరం, డిసెంబరుకు డి అక్షరం వేశారు. కనుక ఏడాది చివరి రెండు నెలల్లో పుట్టిన గడియారానికి ఆరూ ఒకే అంకెగా పడే యోగమే లేదు. అక్టోబరుదానికి ఆరు సున్నాలు పడాలి. ఒకటితో మొదలయ్యే వరసలో అదీ కుదరని పని.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. సంవత్సరంలో చివరి అంకె తప్ప దశాబ్దం ఎక్కడా ఉండదు. మొదటి అంకె తొమ్మిది అయితే అది 1969 కావచ్చు, 1979 కావచ్చు. గడియారం నమూనా ఏది, డయల్ మీద ఏ అక్షరాలున్నాయి, లోపల ఏ యంత్రముంది అన్నవి కలిపి చూస్తేనే తేలుతుంది. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ సీకో 6139. ఇది తనంతట తాను కీ ఎక్కించుకునే క్రోనోగ్రాఫ్, అంటే ఆటోమేటిక్ యంత్రంతోపాటు గడిచిన కాలాన్ని విడిగా కొలిచే ముల్లు కూడా ఉన్న గడియారం. అమెరికా వ్యోమగామి విలియం పోగ్ 1973లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు తన సొంత 6139ను వెంట తీసుకువెళ్లారు. అందుకే ఆ పసుపు డయల్ గడియారాన్ని సేకర్తలు నేటికీ పోగ్ అనే పిలుస్తారు. కానీ నేను చెప్పదలచింది ఆ రంగు గురించి కాదు. 1969లో ప్రపంచపు తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ తమదే అనిపించుకోవడానికి మూడు పక్షాలు పోటీపడ్డాయి. జెనిత్ ఆ ఏడాది జనవరిలో తన ఎల్ ప్రిమెరోను ప్రకటించింది. హోయర్, బ్రైట్‌లింగ్, బ్యూరెన్, హామిల్టన్ కలిసి తయారుచేసిన యంత్రం మార్చిలో బయటపడింది. సీకో పెద్దగా చాటింపు వేయకుండా మే నెలకల్లా తన గడియారాన్ని జపాన్‌లో అమ్మకానికి పెట్టేసింది. ఈ పోటీలో ఎవరు ముందన్న వాదన ఇంకా తెగలేదు. అలాంటి వాదనలో 1969 తొలి నెలలను చూపే సీరియల్ నంబరు ఉన్న ఒక 6139, నంబరు చూడటానికి ఎంత సాదాసీదాగా ఉన్నా, సాక్ష్యం అవుతుంది. దాని పక్కన 777777ను పెట్టి ఏది కావాలని అడిగితే నేను మొదటిదాన్నే తీసుకుంటాను. పదమూడేళ్లు ఏడుల వెంట తిరిగినవాణ్ణి ఈ మాట అంటున్నానని గమనించండి.

అసాధారణమైన నంబరు అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతులు ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. ఒకటి కంటికి అసాధారణం, రెండవది చరిత్రకు అసాధారణం. మొదటిదాని లెక్క సులువు. సున్నాతో మొదలుకాని ఆరంకెల సంఖ్యలు తొమ్మిది లక్షలు. వాటిలో ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకేలా ఉండేవి 900, అంటే వెయ్యికొకటి. అన్నీ ఒకే అంకె ఉన్నవి తొమ్మిదే, అంటే లక్షకొకటి. 123456లా మెట్లెక్కినట్టు పెరిగేవి నాలుగు మాత్రమే. ఏడంకెలకు వెళితే అటూ ఇటూ ఒకేలా ఉండేవి అక్కడా వెయ్యికొకటే కానీ, అన్నీ ఒకే అంకె ఉన్నవి పది లక్షలకొకటి అవుతాయి. పుట్టినరోజు నంబర్ల లెక్క ఇంకా వింత. తేదీ, నెల, సంవత్సరం రెండేసి అంకెలుగా రాస్తే సరిపోయే సంఖ్యలు, సున్నాతో మొదలయ్యేవాటినీ కలుపుకుంటే, ఆరంకెల్లో ముప్పై ఆరు వేలకు పైగా ఉంటాయి. కనుక ఎవరో ఒకరి పుట్టినరోజు నంబరు దొరకడం ఏమంత విశేషం కాదు, మీ పుట్టినరోజే దొరకడం మాత్రం దాదాపు అసాధ్యం. ఫలానా తేదీ నంబరు అని గొప్పగా చెప్పి అమ్మజూపేవారు ఈ రెండింటి మధ్య తేడాను సాధారణంగా ప్రస్తావించరు.

చిన్న నంబర్ల మోజు వేరు. ఒక కర్మాగారపు తొలి గడియారాలను పట్టుకోవాలన్న కోరికలో న్యాయముంది. కానీ ఒకటో నంబరు కోసం వెతికేవారు ముందుగా ఆ సంస్థ ఒకటితోనే లెక్క మొదలుపెట్టిందా అని తెలుసుకోవాలి. అమెరికాలోని ఎల్జిన్ సంస్థ తొలి జేబు గడియారం 1867లో వచ్చింది, దానికి బి. డబ్ల్యు. రేమండ్ అని పేరు పెట్టారు. దాని నంబరు 101. ఎల్జిన్ ఒకటో నంబరు కోసం వెతికేవారు లేని వస్తువు కోసం వెతుకుతున్నట్టే. పైగా ఎల్జిన్‌లో నంబర్లను నమూనాలవారీగా కట్టలు కట్టలుగా ముందే కేటాయించేవారు. అందువల్ల పెద్ద నంబరున్న గడియారం చిన్న నంబరున్న దానికంటే ముందే తయారై ఉండవచ్చు. నంబరు చిన్నదైతే గడియారం పాతది అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. స్విస్ సంస్థ ఆడెమార్ పిగే 1972లో తెచ్చిన రాయల్ ఓక్ గడియారం విషయంలో మాత్రం ఈ మోజుకు గట్టి ఆధారముంది. నమూనా సంఖ్య 5402గా వచ్చిన ఆ తొలి గడియారాల వెనక ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరంతో మొదలయ్యే వరస ఉంటుంది, తర్వాత బి, సి, డి వరసలు వచ్చాయి. ఆ 'ఏ' అక్షరం పక్కన చిన్న అంకె ఉంటే అది ఆ నమూనా బాల్యదశదేనని నమ్మవచ్చు.

నంబరే పేరుగా మారిన గడియారమూ ఒకటుంది. ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్ కోసమని 1783లో గడియారాల తయారీదారు బ్రెగేకు పురమాయించిన గడియారాన్ని ప్రపంచమంతా నంబర్ 160 అనే అంటుంది. అది పూర్తయింది 1827లో. అప్పటికి రాణీ లేదు, బ్రెగే కూడా లేడు. 1983లో జెరూసలేంలోని మ్యూజియంలో దొంగలు పడినప్పుడు వందకు పైగా గడియారాలతోపాటు ఇదీ పోయి, దాదాపు పాతికేళ్ల తర్వాత తిరిగి దొరికింది. 160 అన్న అంకెలో కంటికి ఇంపైనదేమీ లేదు. దాని వెనక నడిచిన కథ వల్లనే ఆ సంఖ్యకు అంత బరువు వచ్చింది.

ఇక వేటలోకి వద్దాం. గడియారం చేతికి రాగానే తేల్చుకోవలసిన మొదటి విషయం, మీరు చదువుతున్నది సీరియల్ నంబరేనా అన్నది. పాత గడియారం నిండా అంకెలే ఉంటాయి. నమూనాను తెలిపే రిఫరెన్స్ నంబరు ఉంటుంది, అది అదే నమూనాకు చెందిన వేల గడియారాల మీద ఒకేలా ఉంటుంది. యంత్రం రకాన్ని తెలిపే కాలిబర్ నంబరు ఉంటుంది. పేటెంటు సంఖ్య ఉండవచ్చు. బంగారం, వెండి కేసుల్లో, అంటే యంత్రాన్ని ఇముడ్చుకునే పై డొల్లల్లో, లోహం స్వచ్ఛతను తెలిపే ముద్రలుంటాయి. ఇవి చాలవన్నట్టు వెనక మూత లోపలివైపు సన్నని సూదితో గీసినట్టున్న అంకెలు కనిపిస్తాయి. అవి గడియారం బాగుచేసిన పనివారు తమ లెక్క కోసం, తమ తేదీల కోసం రాసుకున్నవి. ఒకే మూత లోపల నాలుగు వేర్వేరు చేతిరాతలు చూశాను నేను. అవి సీరియల్ నంబర్లు కావు కానీ, గడియారం ఎన్నిసార్లు ఎవరి చేతుల్లోకి వెళ్లిందో చెప్పే ఇంత మంచి పత్రం మరొకటి లేదు. ఇతరులకు అవి గీతలుగానే కనిపిస్తాయి గనుక మెరుగుపెట్టి చెరిపేయిస్తారు. అది చూసినప్పుడల్లా ఉత్తరాలు తగలబెట్టినట్టు అనిపిస్తుంది నాకు.

ఈ తేడా నేను నేర్చుకున్నది పుస్తకాల్లోంచి కాదు. మొదట్లో ఒక స్విస్ గడియారం మూత లోపల 2882 అన్న సంఖ్య చూశాను. నాలుగే అంకెలు, ఎటు చదివినా ఒకటే. ఇంత చిన్న సంఖ్య, ఇంత అందంగా, ఇంత చవకగా దొరుకుతోంటే అమ్మే మనిషికి విషయం తెలియదని మనసులోనే నవ్వుకుని, బేరం కూడా ఆడకుండా కొన్నాను. నెల తిరక్కముందే ఇంకో గడియారంలో అదే 2882 కనిపించింది. ఆ తర్వాత మరొకదానిలో. అది రిఫరెన్స్ నంబరు. విషయం తెలియనిది అమ్మిన మనిషికి కాదని అప్పుడు అర్థమైంది. ఆ గడియారం అసలు సీరియల్ నంబరు యంత్రం మీద ఉంది. ఎనిమిది అంకెల ఆ సంఖ్యలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

అసలు నంబరు ఎక్కడుంటుందన్నది సంస్థను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. పాత ఒమేగాల్లో యంత్రం మీద వెతకాలి. పటెక్ ఫిలిప్‌లో యంత్రానికి ఒక నంబరు, కేసుకు మరొక నంబరు ఉంటాయి. రెండింటికీ పోలిక ఉండదు, ఉండనక్కరలేదు. పాత అమెరికన్ జేబు గడియారాల్లో ఈ విడాకులు ఇంకా స్పష్టం. అక్కడ యంత్రం ఒక సంస్థది, కేసు మరొక సంస్థది. కొనేవారు దుకాణంలో నచ్చిన యంత్రాన్ని నచ్చిన కేసులో బిగించి ఇమ్మనేవారు. కేసు మీది నంబరు చూసి గడియారం వయసు కట్టాలనుకునేవారు చొక్కా గుండీ చూసి మనిషి వయసు చెప్పినట్టే చెబుతారు. యంత్రం మీది నంబరు ఒక్కటే ఆ గడియారానిది.

పాత రోలెక్స్‌లో సీరియల్ నంబరు కేసు పక్కన, పట్టీ బిగించే కింది రెండు కొమ్ముల మధ్య, ఆరు అంకె వైపున ఉంటుంది. పన్నెండు వైపున ఉండేది రిఫరెన్స్ నంబరు. బ్రేస్‌లెట్ విప్పితే తప్ప రెండూ కనిపించవు. బ్రేస్‌లెట్‌ను కొమ్ములకు పట్టి ఉంచే సన్నని కడ్డీని, అంటే స్ప్రింగ్ బార్‌ను, విప్పడంలో పనిముట్టు జారితే పడే గీత కొమ్ము మీద పడితే పడింది, కానీ నంబరు మీద పడకుండా చూసుకోవాలి. కొమ్ములకు ముందుగా సన్నని టేపు అంటించడం నా అలవాటు. విప్పాక పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, పక్కనుంచి వాలుగా పడే వెలుతురు కావాలి. పైనుంచి నేరుగా పడే వెలుతురులో సగం అరిగిన అంకెలు కనిపించవు, లైటును మెల్లగా పక్కకు వాలుస్తూ పోతే ఒక కోణంలో అవి ఉన్నట్టుండి లేచి నిలబడతాయి.

రోలెక్స్ నంబర్ల కథలో మలుపులున్నాయి, వేటగాళ్లకు అవే ఇష్టం. 1950ల నడిమిలో వరస పది లక్షల అంచుకు చేరగానే సంస్థ ఆపి, మళ్లీ చిన్న సంఖ్యల నుంచి మొదలుపెట్టింది. అందువల్ల ఒకే ఆరంకెల సంఖ్య రెండు వేర్వేరు కాలాల గడియారాల మీద ఉండే వీలుంది. వాటిని విడదీయడానికి మూత లోపల చూడాలి: ఆ రెండవ విడతలో రోమన్ అంకెతో త్రైమాసికం, పక్కన సంవత్సరపు చివరి రెండంకెలు కొట్టేవారు. నీటిలో మునిగేవారి కోసం రోలెక్స్ చేసిన తొలి సబ్‌మెరైనర్లు కూడా ఈ మలుపు కాలానివే కాబట్టి, వాటిలో కురచ నంబరు కనిపిస్తే అది ఇంతకంటే పాతది కాబోలని పొరపడిన కొత్తవారు చాలామంది ఉన్నారు. తర్వాతి వరస ఏడంకెలకు పెరిగి 1987లో 99,99,999 దాకా వెళ్లింది. అంకెలు అయిపోయాయి కనుక ముందు అక్షరం చేర్చారు. మొదటి నాలుగు అక్షరాలు ఆర్, ఎల్, ఈ, ఎక్స్. సంస్థ పేరులోవే అవి. సున్నాతో కలిసిపోకుండా ఉండడానికి ఓ అక్షరాన్ని వదిలేశారు. 2010 వచ్చేసరికి ఆ పద్ధతినీ వదిలేసి, అక్షరాలూ అంకెలూ ఏ వరసా లేకుండా కలగలిపిన నంబర్లు వేయడం మొదలుపెట్టారు. అక్కడితో నంబరు చూసి వయసు చెప్పే విద్యకు ఆ సంస్థ గడియారాల్లో తలుపు మూసుకుంది. అలాగే ఆ తర్వాతివాటిలో అందమైన నంబరు పడితే అది ఉత్త లాటరీ. అందులో నాకు ఆసక్తి లేదు.

అమెరికన్ సంస్థ బులోవా పద్ధతి ఇంకా సులువు: 1950ల నుంచి ఒక అక్షరం దశాబ్దాన్ని, ఒక అంకె సంవత్సరాన్ని చెబుతాయి. ఎల్ అంటే 50లు, ఎమ్ అంటే 60లు, ఎన్ అంటే 70లు. ఎమ్4 ఉంటే 1964. బ్రిటిష్ సైన్యం గడియారాల వెనక మరో రకం అంకెలు: నౌకాదళానికి 0552, వైమానిక దళానికి 6బిబి, భూసైన్యానికి డబ్ల్యు10 అని మొదలై, చివర అడ్డగీత పెట్టి జారీ సంఖ్య, సంవత్సరం ఉంటాయి. చిన్న జారీ సంఖ్య ఉన్నదానికి గిరాకీ ఎక్కువ.

గిరాకీ ఉన్నచోట నకిలీ ఉంటుంది. గడియారంలో డయల్ నకిలీ చేయాలంటే పనితనం కావాలి, యంత్రం నకిలీ చేయాలంటే కర్మాగారమే కావాలి. నంబరు చెక్కడానికి ఒక చిన్న పరికరం చాలు. కనుక కంటికి అసాధారణమైన నంబరే అన్నిటికంటే సులువుగా పుట్టించదగిన అసాధారణత. ఈ బెడద కొత్తది కాదు. బ్రెగే తన కాలంలోనే నకిలీలతో విసిగిపోయి, 1795 ప్రాంతంలో ఎనామిల్ డయల్ మీద పన్నెండు అంకె కింద సూదిమొన లాంటి గీతలతో తన సంతకాన్నీ ఆ గడియారపు నంబరునూ రహస్యంగా చెక్కించడం మొదలుపెట్టాడు. మామూలుగా చూస్తే అక్కడ ఏమీ ఉండదు. డయల్‌ను వెలుతురుకు వాల్చినప్పుడు కనిపిస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట ఆయన చూపించిన ఆ వాలు వెలుతురే మన చేతిలో ఇప్పటికీ ఉన్న మంచి పరికరం.

నేను చూసే పద్ధతి చెబుతాను. ముందు అంకెలను కాదు, అంకెల చుట్టూ ఉన్న లోహాన్ని చూస్తాను. యాభై ఏళ్లు మణికట్టు మీద గడిపిన కేసులో బ్రేస్‌లెట్ కొన రాసుకుని, చెమట పట్టి, నంబరున్న చోట సన్నని అరుగుదల ఉంటుంది. ఆ అరుగుదల అంకెల మీదుగా సాగిపోవాలి. అంకెలు మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉండి చుట్టూ ఉన్న లోహం అరిగి ఉంటే, ఆ అంకెలు ఆ లోహం కంటే చిన్నవి. అంకెల చుట్టూ లోహం లోతుగా, మరీ నున్నగా ఉంటే అక్కడ ఇంతకుముందు వేరే నంబరు ఉండేదేమో చూడాలి. ఒకసారి ఐదు ఎనిమిదులు వరసగా ఉన్న ఒక కేసు నాకు చూపించారు. మొదటి మూడు ఎనిమిదుల నడుములు సమానంగా ఉన్నాయి. చివరి రెండింటి ఎడమ అంచులు కొంచెం తిన్నగా, మిగతా వంపుతో కలవకుండా ఉన్నాయి. లైటు ఇంకొంచెం వాల్చేసరికి తెలిసింది: అవి పుట్టుకతో మూడులు. ఎవరో ఓపికగా ఎడమవైపు మూసి ఎనిమిదులు చేశారు. తీగ లాగితే డొంక కదిలినట్టు మూత తీసి చూస్తే లోపలి యంత్రం కూడా ఆ కేసు కాలానిది కాదు. అమ్మేవారికి ఆ సంగతి చెప్పాను, వారు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం నిజమైనదేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక్కడ ఒక చేదు ఉదాహరణ చెప్పక తప్పదు. 2021 నవంబరులో జెనీవా వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. రెండేళ్లు తిరగకముందే, 2023లో, అది వేర్వేరు గడియారాల నుంచి తీసిన భాగాలతో కూర్చినదని ఒమేగాయే ప్రకటించింది. భాగాల్లో ఎక్కువ అసలైనవే. వాటిని కలిపి కట్టిన గడియారం మాత్రం 1957లో ఏ కర్మాగారం నుంచీ బయటికి రాలేదు. నంబరు సరైనదేనా అన్న ప్రశ్నకూ, ఈ నంబరు ఈ గడియారానిదేనా అన్న ప్రశ్నకూ మధ్య ఎంత దూరముందో ఇది చూపిస్తుంది.

సంస్థల పాత దస్త్రాలు ఉపయోగపడేదీ, వాటి హద్దు కనిపించేదీ ఇక్కడే. లాంజిన్ సంస్థలో 1867 నుంచి చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. సీరియల్ నంబరు పంపితే ఆ గడియారం ఏ యంత్రంతో, ఎప్పుడు, ఎవరికి వెళ్లిందో వెతికి చెబుతారు. పటెక్ ఫిలిప్ తన దస్త్రాల నుంచి యంత్రం నంబరు, కేసు నంబరు, తయారైన కాలం, అమ్మిన తేదీ రాసిన పత్రం ఇస్తుంది. 1933లో అమెరికన్ సేకర్త హెన్రీ గ్రేవ్స్‌కు అందిన, ఇరవైనాలుగు విశేషాలున్న ఆ జేబు గడియారం యంత్రం నంబరు 1,98,385. అందులో పునరావృతమయ్యే ఎనిమిది తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. దస్త్రంలో దాని పక్కన ఉన్న పేరు వల్ల అది గడియారాల లోకంలో అందరికీ నోటికి వచ్చిన సంఖ్య అయింది. కానీ దస్త్రం చెప్పేది ఫలానా నంబరుతో కర్మాగారం నుంచి ఏమి వెళ్లిందనే. మీ చేతిలో ఉన్నది అదేనని చెప్పదు. ఆ రెండో పని భూతద్దంతో మనమే చేసుకోవాలి.

వేటగాళ్లకు ఈ మధ్య ఇంకో అడ్డంకి వచ్చింది. గడియారాల ఫొటోలు పెట్టేవారు నంబరులో చివరి అంకెలను మూసేస్తున్నారు, ఎవరైనా ఆ నంబరును నకిలీ మీద చెక్కుతారేమోనని భయం. ఆ భయంలో తప్పులేదు. అయితే మూసిన ఆ రెండు మూడు అంకెల్లోనే మనం వెతికే విశేషం ఉంటుంది. నేను మాత్రం పూర్తి నంబరు ఇమ్మని ఎవరినీ మొదటి ఉత్తరంలో అడగను. నా గడియారం నంబరు ముందు నేనే చెబుతాను. కొనేముందు పోయిన గడియారాల జాబితాల్లో ఆ నంబరు ఉందేమో చూసుకోవడం కూడా మరవకూడదు. లండన్‌లోని వాచ్ రిజిస్టర్ లాంటివి ఈ పని కోసమే ఉన్నాయి. ఎంతో కాలంగా వెతుకుతున్న నంబరు ఆ జాబితాలో కనిపిస్తే, దాని కోసం మనకంటే ఎక్కువగా వెతుకుతున్నవారు ఇంకొకరున్నారన్నమాట.

చివరగా నా దగ్గరున్న గడియారం ఒకటి చెబుతాను. 1940ల నాటి స్విస్ చేతి గడియారం, చిన్నది, స్టీలు కేసు. యంత్రం మీది నంబరు 41తో ముగుస్తుంది. ముందున్న అంకెల్లో అందం ఏ కోశానా లేదు. కాకపోతే అందులో రెండుసార్లు వచ్చే నాలుగు అంకెకు, రెండుచోట్లా, అడ్డగీత కుడికొన తెగి ఉంటుంది. నంబరు కొట్టిన అచ్చులో నాలుగు అంకె విరిగిపోయి ఉండాలని అనుకునేవాణ్ణి, రుజువు లేదు. ఏళ్ల తర్వాత మరో దేశంలో ఉన్న ఒక సేకర్తతో ఉత్తరాలు నడుస్తుండగా ఆయన తన గడియారం నంబరు రాశారు. నాదాని పక్క నంబరు అది. చివర 42. వెంటనే యంత్రం ఫొటో పంపమన్నాను. పక్కనుంచి వెలుతురు వేసి తీయమని కూడా రాశాను. ఫొటో వచ్చింది. రెండు నాలుగులకూ అడ్డగీత కుడికొన లేదు.

ఆ రెండు గడియారాలూ ఒకే రోజు, ఒకే బల్ల మీద, ఒకే విరిగిన అచ్చు కింద ఒకదాని వెనక ఒకటిగా వెళ్లి ఉంటాయి. ఒకదాని యంత్రం చాలాసార్లు విప్పినట్టుంది, ఇంకోదాని మరలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. ఆయనది నాకు అమ్ముతారా అని అడిగాను. అమ్మనని, నాది తనకు అమ్ముతానా అని ఆయన అడిగారు. నేనూ అమ్మనన్నాను. ఏడాదికొకసారి ఈ ప్రశ్న ఒకరినొకరం అడుగుతూనే ఉన్నాం.